మా జిల్లా లైబ్రరీ, దాన్ని నడిపే కమిటీ వాళ్లు: పదకొండేళ్లు చూసి రాస్తున్న రివ్యూ

మా టౌన్‌లో ఉన్న జిల్లా కేంద్ర గ్రంథాలయం గురించి ఎప్పట్నుంచో రాయాలనుకుంటున్నా, ఊరి పేరు మాత్రం కావాలనే రాయట్లేదు, ఎందుకంటే ఇందులో కొంతమందిని మెచ్చుకుంటా, కొంతమంది మీద నాకున్న కోపం కూడా చెప్తా, వాళ్లంతా ఇంకా ఇక్కడే ఉన్నారు, రోజూ ఎదురుపడతారు. పదకొండేళ్ల నుంచి వెళ్తున్నా నేను ఆ లైబ్రరీకి. మొదట డీఎస్సీకి చదువుకోడానికి వెళ్లా, అప్పుడు పొద్దున ఎనిమిదికి లోపలికెళ్తే సాయంత్రం దాకా అక్కడే, తర్వాత పెళ్లై పాప పుట్టాక కొన్నాళ్లు గ్యాప్ వచ్చింది, ఇప్పుడు పాపని ఆదివారం ఆదివారం తీసుకెళ్తున్నా. అంటే ఆ బిల్డింగ్‌లో ఏ కిటికీ రెక్క పడదో, ఏ ట్యూబ్‌లైట్ కింద కూర్చుంటే కళ్లు లాగుతాయో కూడా తెలిసినంత పాత పాఠకురాల్ని.

మ్యాప్‌లో చూస్తే దీనికి నాలుగు స్టార్ల దగ్గర దగ్గర ఉంది. కింద జనం రాసినవి చదివితే పేపర్లన్నీ వస్తాయి, ప్రశాంతంగా ఉంటుంది, ఫ్యాన్లు తిరగవు, కుర్చీలు చాలవు, మంచినీళ్లు ఉండవు, ఇవే. అన్నీ నిజమే, ఒక్కటి కూడా అబద్ధం లేదు. కానీ ఆ ఫ్యాను ఎందుకు తిరగట్లేదు, దాన్ని బాగుచేయించాలంటే ఎవరు తీర్మానం చెయ్యాలి, పుస్తకాలు ఎవరు కొంటున్నారు, ఎవరి కోసం కొంటున్నారు అని ఎవరూ రాయలేదు. పాపం లైబ్రేరియన్ గార్ని తిట్టి వెళ్లిపోతారు అందరూ. నేను కూడా మొదటి రెండేళ్లు ఆయన్నే తిట్టుకున్నా, తర్వాత తెలిసింది ఆయన చేతిలో ఉన్నది చాలా తక్కువని. అందుకని నా రివ్యూ పాలకవర్గం మీద, అదే మనం కమిటీ అంటాం కదా, వాళ్ల మీద.

తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తా. మనకి 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ఒకటుంది, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ లైబ్రరీలు ఇవాళ్టికీ దాని మీదే నడుస్తున్నాయి. అంతకుముందు మద్రాసు వైపు జిల్లాలకి 1948 చట్టం, హైదరాబాద్ వైపు 1955 చట్టం ఉండేవి, రెండూ కలిపి ఇది చేశారు. దీని ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థ అని ఒకటుంటుంది, దానికో చైర్మన్, కొంతమంది సభ్యులు, వీళ్లని ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది, వాళ్లతో పాటు విద్యాశాఖ, పంచాయతీ శాఖ లాంటి వాటి నుంచి అధికారులు పదవి రీత్యా సభ్యులుగా కూర్చుంటారు, సెక్రటరీ లైబ్రరీ శాఖ ఉద్యోగి. జిల్లాలో ఉన్న శాఖా గ్రంథాలయాలన్నీ, పల్లెల్లో ఉండే చిన్నచిన్న పుస్తక కేంద్రాలతో సహా, వీళ్ల కిందే. ఇక డబ్బు సంగతి. మీ ఇంటి పన్ను రశీదు ఒకసారి తీసి చూడండి, అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక లైను ఉంటుంది, రూపాయికి 8 పైసలు. మా ఇంటికి పన్ను 2,400 వస్తే 192 రూపాయలు లైబ్రరీకే కడుతున్నాం. మనం ఉచితం ఉచితం అనుకుంటున్న లైబ్రరీకి ఏటా చందా కడుతున్నామన్నమాట, మెంబర్‌షిప్ కార్డు లేని వాళ్లు కూడా కడుతున్నారు. మన డబ్బుతో నడిచే సర్వీసు కాబట్టి దాన్ని నడిపే వాళ్ల మీద రివ్యూ రాసే హక్కు మనకుంది అని నా ఉద్దేశం.

నేను వెళ్లడం మొదలుపెట్టినప్పుడున్న కమిటీ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. చైర్మన్ గార్ని రెండుసార్లు చూశా, రెండుసార్లూ నవంబర్‌లో గ్రంథాలయ వారోత్సవాలప్పుడే, 14 నుంచి 20 దాకా జరుగుతాయి కదా, మొదటి రోజు వచ్చి జ్యోతి వెలిగించి, మన దగ్గర గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి ఫొటోకి దండేసి మాట్లాడి వెళ్లేవారు. మా రీడింగ్ హాల్లోని కుర్చీలు తీసుకెళ్లి సభకి వేసేవాళ్లు, ఆ వారం మేం కింద చాప మీద కూర్చుని చదువుకునేవాళ్లం. పుస్తకాల పండగ వారంలో చదువుకునే వాళ్లకి కుర్చీ లేకపోవడం నాకు చాలా బాధనిపించింది అప్పుడు, ఇప్పుడు తలుచుకున్నా అంతే. మిగతా సభ్యుల పేర్లు గోడ మీద బోర్డులో చదవడమే కానీ మనుషుల్ని ఎప్పుడూ చూడలేదు.

తర్వాత వచ్చిన కమిటీ గురించే ఈ రివ్యూ అంతా. అందులో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు సభ్యుడిగా వచ్చారు. మొదటిసారి ఆయన్ని నేను చూసింది లైబ్రరీ మెట్ల మీద, పొద్దున ఏడుంబావుకి. ఫ్యాన్ కింద సీటు దొరకాలంటే ఆ టైముకే వచ్చి లైన్లో బ్యాగులు పెట్టాలి, అది మా అందరికీ అలవాటు, ఆయన కూడా చేతి సంచీ లైన్లో పెట్టి మాతో పాటు మెట్ల మీద కూర్చున్నారు. ఎవరో పెన్షన్ పేపర్ల పని మీద వచ్చిన పెద్దాయన అనుకున్నాం. ఎనిమిదికి గేటు తీశారు, లైట్లు వేసి పేపర్లు పెట్టేసరికి ఎనిమిదీ నలభై అయింది, ఆయన వాచీ చూసుకుని చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నారు. అలా వారంలో నాలుగు రోజులు వచ్చారు. అయిదో రోజు మాలో ఒకమ్మాయి మీరు ఎవరండీ అనడిగితే అప్పుడు చెప్పారు, నన్ను ఈ లైబ్రరీకి కమిటీ మెంబర్‌గా వేశారమ్మా, ఇక్కడ ఏం జరుగుతుందో తెలియకుండా మీటింగ్‌లో కూర్చుని ఏం మాట్లాడను అన్నారు.

ఆయన చేసిన పనుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది చీటీల సంగతి. లైబ్రరీ పుస్తకం వెనక అట్ట లోపల ఒక చీటీ అంటిస్తారు కదా, పుస్తకం ఇంటికి ఇచ్చినప్పుడల్లా దాని మీద తేదీ ముద్ర వేస్తారు. ఆయన రోజుకో బీరువా ముందు స్టూల్ వేసుకుని కూర్చుని పుస్తకాలు ఒక్కోటి తీసి ముందు అట్ట కాదు, వెనక చీటీ చూసేవారు. ఒకరోజు నన్ను పిలిచి చూపించారు. ఒకే బీరువాలోంచి తీసిన పది పుస్తకాలు టేబుల్ మీద వరసగా బోర్లించి పెట్టారు, అన్నీ కొత్తగా మెరుస్తున్నాయి, ఏడింటికి చీటీ తెల్లగా ఉంది, ఒక్క ముద్ర కూడా పడలేదు, కొన్ని అయితే పేజీలు అంటుకునే ఉన్నాయి, విప్పలేదు. పక్కనే ఇంకో పుస్తకం, పాత పిల్లల కథలది, అట్ట ఊడిపోయి దారం కనిపిస్తోంది, దానికి చీటీ నిండిపోయి దాని మీద ఇంకో చీటీ, దాని మీద ఇంకోటి, మూడు చీటీలు మందంగా పేరుకుని ఉన్నాయి, చివరి ముద్ర పోయిన వారానిది. మాస్టారు ఆ మూడు చీటీల అంచు వేలితో తడిమి, ఇదమ్మా మనం మళ్లీ కొనాల్సిన పుస్తకం, దీనికి ఒక్క కాపీయే ఉంది, అవి ఏడు రకాలు రెండేసి కాపీలున్నాయి అన్నారు. నాకు ఆ రోజు అర్థమైంది పుస్తకాల కొనుగోలు అనే మాటకి అసలు అర్థం. మన దేశంలో లైబ్రరీ సైన్సుకి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారి ఫొటో ప్రతి లైబ్రరీలో ఉంటుంది, పుస్తకాలు ఉన్నది వాడుకోడానికే అనేది ఆయన మొదటి సూత్రం, ఆ ఫొటో కిందే ఉంది ఈ బీరువా.

పుస్తకాలు ఎలా కొంటారో కూడా అప్పుడే తెలిసింది. కొన్ని జిల్లా సంస్థ తన డబ్బుతో కొంటుంది, కొన్ని కలకత్తాలో ఉన్న రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ద్వారా వస్తాయి, అది కేంద్ర ప్రభుత్వానిది, 1972లో పెట్టారు. ఎటునుంచి వచ్చినా లిస్టు ఒకటి తయారవుతుంది, ఆ లిస్టు తయారయ్యే చోట పాఠకుల మాట లేకపోతే వచ్చేవి ఆ ఏడు పుస్తకాల్లాంటివే. మాస్టారు మీటింగ్‌లో పట్టుబట్టి కౌంటర్ దగ్గర ఒక రిజిస్టర్ పెట్టించారు, పాఠకులు తమకి కావాల్సిన పుస్తకాలు రాయడానికి. రిజిస్టర్లు అన్ని చోట్లా ఉంటాయి, ఇక్కడ తేడా ఏంటంటే మూడు నెలలకోసారి ఆయన ఆ రిజిస్టర్ తీసుకెళ్లి మీటింగ్ టేబుల్ మీద పెట్టి ఒక్కో లైను చదివేవారు, కొన్నారా లేదా, లేకపోతే ఎందుకు కొనలేదు అని పక్కనే ఎర్ర ఇంకుతో రాయించేవారు. నేను రాసిన ఆరు పుస్తకాల్లో నాలుగొచ్చాయి. మిగతా రెండింటికి ముద్రణలో లేవు అని రాసుంది. ఆ ఎర్ర ఇంకు మాటలు చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, ప్రభుత్వ ఆఫీసులో నేను అడిగినదానికి కాగితం మీద జవాబు రావడం అదే మొదటిసారి.

ఇక నేను కమిటీ మీటింగ్‌కి వెళ్లిన రోజు గురించి చెప్పాలి. ఆడవాళ్ల బాత్రూమ్‌కి తాళం వేసి ఉండేది, ఎన్నో ఏళ్లుగా. పొద్దున్నుంచి చదువుకునే అమ్మాయిలు నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లు, లేకపోతే మధ్యాహ్నానికి ఇంటికెళ్లిపోయేవాళ్లు, వెళ్తే సీటు పోయేది. మగపిల్లలు రాత్రి ఎనిమిది దాకా చదువుకుంటున్నారు, మేం ఒంటిగంటకే లేచిపోతున్నాం, పరీక్ష మాత్రం అందరికీ ఒకటే. నేనూ ఇంకో ఇద్దరూ కలిసి అర్జీ రాసి అరవై పైచిలుకు సంతకాలు పెట్టించాం. మాస్టారుకి ఇస్తే ఆయన తీసుకోలేదు, మీరే వచ్చి చెప్పండమ్మా, నేను చెప్తే అది నా మాట అవుతుంది అన్నారు. చైర్మన్ గారితో మాట్లాడి మాకు అయిదు నిమిషాలు ఇప్పించారు.

పై అంతస్తులో పొడుగు బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, ఒక్కొక్కరి ముందు ఎజెండా కాగితం, టీ, బిస్కెట్లు. అధికారుల కుర్చీల్లో రెండు ఖాళీ, ఒకరి తరఫున ఎవరో క్లర్కు గారొచ్చి సంతకం పెట్టి కూర్చున్నారు. మా విషయం ఎజెండాలో ఆఖరున, చైర్మన్ గారి అనుమతితో ఇతర విషయాలు అనే దాని కింద. సున్నాల బిల్లు, ఒక శాఖా గ్రంథాలయం అద్దె, వారోత్సవాల ఖర్చు అన్నీ అయ్యాక మమ్మల్ని పిలిచారు. నేను చదివాను, గొంతు వణికింది కానీ చదివాను. అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కమిటీలో ఒకే ఒక్క మహిళా సభ్యురాలు ఉండేవారు, డ్వాక్రా సంఘాల్లో పనిచేసి వచ్చినావిడ, పెద్దగా చదువుకోలేదని అందరూ అనేవాళ్లు, అంతకుముందు మీటింగుల్లో ఎప్పుడూ నోరు విప్పలేదట. ఆవిడ సెక్రటరీ గారి వైపు తిరిగి అడిగారు.

తాళం చెవి ఎవరి దగ్గరుందండీ?

ఆఫీసులో ఉందమ్మా, ఎవరడిగినా ఇస్తాం.

ఆఫీసు ఎన్నింటికి మూస్తారు?

అయిదింటికి.

లైబ్రరీ?

ఎనిమిదింటికి.

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు, చెయ్యి చాపారు. సెక్రటరీ గారు అటెండర్‌ని పంపి చెవి తెప్పించి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ మీటింగ్ మధ్యలోనే లేచి మాతో పాటు కిందకొచ్చి తాళం తీసి లోపల చూసి, బకెట్ లేదు, నీళ్లు రావట్లేదు, గొళ్లెం ఊడిపోయింది అని మూడు విషయాలు పైకెళ్లి రాయించారు. నెలలోపు నీళ్లొచ్చాయి. అప్పట్నుంచి ఆ తాళం వెయ్యలేదు. నేను అక్కడ చదివిన చివరి ఏడాది సాయంత్రం ఆరు దాటాక కూడా హాల్లో పదిమంది అమ్మాయిలం ఉండేవాళ్లం. ఆవిడకి నా తరఫున అయిదుకి అయిదు, ఆవిడకి చదువు లేదన్న వాళ్ల మాట నేను ఒప్పుకోను, ఆ హాల్లో ఏం జరుగుతుందో చదవగలిగింది ఆవిడే.

చైర్మన్ గారి సంగతి వేరు, ఆయన మీద నాకు మొదట మంచి అభిప్రాయం లేదు. పార్టీలో పనిచేసినందుకు ఇచ్చిన పదవి అని ఊరంతా అనుకున్నారు, నేనూ అనుకున్నా, అది నిజం కూడా. కానీ ఆయన చేసిన ఒక పని ఇంకెవరి వల్లా అయ్యేది కాదు. మనం కట్టే సెస్సు నేరుగా లైబ్రరీకి రాదు, ఇంటి పన్నుతో కలిపి మున్సిపాలిటీ, పంచాయతీ వసూలు చేస్తాయి, వాళ్లు మళ్లీ గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. జమ చెయ్యరు. చేసినా ఆలస్యంగా, కొంచెం కొంచెంగా. జీతాలివ్వాలి కరెంటు బిల్లు కట్టాలి అని వాళ్ల అవసరాలకి వాడేసుకుంటారు, ఏ జిల్లా లైబ్రరీ వాళ్లనడిగినా ముందు చెప్పే మాట ఈ బకాయిల మాటే. మన దగ్గర లైబ్రరీ పేరు చెప్పి తీసుకున్న డబ్బు లైబ్రరీ గుమ్మం దాకా రాకపోవడం కంటే పెద్ద అన్యాయం ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఇంకోటి కనపళ్లేదు. సెక్రటరీ ఉత్తరాలు రాస్తూనే ఉంటారు, ఫైల్లో పడుతూనే ఉంటాయి.

మాస్టారు లెక్క తీశారు, ఏ మున్సిపాలిటీ ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది, రెండేళ్లది, ఒకే కాగితం మీద. చైర్మన్ గారు ఆ కాగితం పట్టుకుని ప్రతి సోమవారం మున్సిపల్ ఆఫీసుకెళ్లి కూర్చునేవారట. ఉద్యోగి వెళ్తే బయట బెంచీ మీద కూర్చోబెడతారు, ఈయన వెళ్తే లోపలికి పిలవక తప్పదు, ఎందుకంటే రాజకీయంగా తెలిసిన మనిషి. అలా తిరగ్గా తిరగ్గా కొంత వచ్చింది, మొత్తం కాదు. ఆ వచ్చిన దాంతోనే మా హాల్లో ఫ్యాన్లు మార్చారు, ఇన్వర్టర్ పెట్టారు, పోటీ పరీక్షల పుస్తకాలు కొత్త సిలబస్‌వి కొన్నారు. అందుకే రాజకీయాల వాళ్లని లైబ్రరీ కమిటీలో వెయ్యకూడదు అనే మాట నేను అనను ఇప్పుడు. వేస్తే వాళ్ల పలుకుబడి లైబ్రరీకి పనికొచ్చేలా తిరగాలి, పక్కన లెక్క రాసే మనిషి ఒకరుండాలి. ఆ ఇద్దరూ ఒకే కమిటీలో పడటం మా అదృష్టం, అది అదృష్టం మీద ఆధారపడి ఉండటమే నా ఫిర్యాదు.

ఎందుకంటే తర్వాత ఏమైందో చూడండి. ఆ కమిటీ అయిపోయింది. చాలా కాలం కొత్త కమిటీని వెయ్యలేదు, ఒక అధికారిని ఇన్‌చార్జిగా పెట్టారు, ఆయనకి ఇలాంటివి ఇంకా ఎన్నో బాధ్యతలు, లైబ్రరీ ఫైలు వంతు వచ్చేసరికి రోజు అయిపోతుంది. నేను ఆయన్ని తప్పు పట్టట్లేదు. కానీ రిజిస్టర్‌లో ఎర్ర ఇంకు ఆగిపోయింది. పాఠకులు రాస్తూనే ఉన్నారు, నేను వెళ్లి చూశా, పేజీల కొద్దీ పేర్లు, పక్కన ఏమీ లేదు. రాసీ రాసీ కొన్నాళ్లకి జనం రాయడం కూడా మానేశారు, ఆఖరి పేజీలో ఎవరో చిన్నపిల్లాడు బొమ్మల పుస్తకాలు కావాలి అని వంకర అక్షరాలతో రాశాడు, దాని కింద ఖాళీ. ఇన్వర్టర్ బ్యాటరీ పోయింది. ఒక పల్లెలో శాఖా గ్రంథాలయం అద్దె కట్టలేదని ఇంటి వాళ్లు ఖాళీ చేయిస్తే పుస్తకాలు గోనె సంచుల్లో కట్టి మా బిల్డింగ్ వెనక గదిలో పడేశారు, అవి ఎనిమిది నెలలుగా అక్కడే ఉన్నాయి, వానాకాలం వచ్చిపోయింది. ఆ గది ముందు నుంచి వెళ్తే తడి కాగితం వాసన వచ్చేది. ఆ ఊళ్లో పుస్తకం ఇంటికి తీసుకెళ్లే ముసలాళ్లు, బడిపిల్లలు ఎవరికి చెప్పుకుంటారు, అడగడానికి కమిటీయే లేదు.

మన దగ్గర లైబ్రరీలు మొదట ప్రభుత్వం పెట్టినవి కాదు, ఇది మర్చిపోతున్నాం అందరం. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, ఇంకా కొంతమంది కూడి పెట్టుకున్నది, నిజాం పాలనలో తెలుగు చదువుకోడానికి చోటు కావాలని. బెజవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు, అయ్యంకి వారు దాని కోసం ఊరూరా తిరిగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు చివరిదాకా ఆ పనిలోనే ఉన్నారు. పాతూరి నాగభూషణం గారి వాళ్లయితే 1935లో పెదవడ్లపూడి నుంచి కొల్లూరు వైపు కాలవలో పడవ మీద పుస్తకాలు పెట్టి పంపారు, పడవలో ప్రయాణం చేసేవాళ్లు చదువుకునేవాళ్లు. వీళ్లెవరూ నామినేట్ అయిన వాళ్లు కాదు, జీతం లేదు, కారు లేదు, చందాలు అడుక్కుని పుస్తకాలు కొన్నవాళ్లు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి అలాగే స్థానికుల కమిటీ చేతిలో నడిచింది, గాంధీ గారి చేతికర్ర అక్కడ దాచారు, దానికంటే నాకు గొప్పగా అనిపించేది పాత తెలుగు పత్రికలు వాళ్లు కాపాడటం, ఎక్కడా దొరకని సంచికల కోసం పరిశోధకులు దేశం నలుమూలల నుంచీ ఆ చిన్న ఊరికి వెళ్తారు. కాగితం వందేళ్లు నిలవాలంటే ఎవరో ఒకరు ప్రతి ఏడూ చెదలు చూడాలి, బైండు చేయించాలి, తరం మారినా ఆ పని ఇంకొకరికి అప్పజెప్పాలి. మా వెనక గదిలో ఎనిమిది నెలలకే పాడైన పుస్తకాలు చూశాక వేటపాలెం వాళ్లు చేసింది ఎంత కష్టమో నాకు తెలిసొచ్చింది.

మా ఆడపడుచు అమెరికాలో ఇల్లినాయిస్‌లో ఉంటుంది, వాళ్ల వైపు లైబ్రరీ డిస్ట్రిక్టులకి ట్రస్టీలని ఏడుగురుంటారు, వాళ్లని ఓట్లేసి ఎన్నుకుంటారు, మన వార్డు మెంబర్ని ఎన్నుకున్నట్టు. జీతం ఉండదు. మీటింగ్ ఎప్పుడో ముందే ఎజెండాతో పాటు పెడతారు, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, జనం మాట్లాడటానికి టైం ఉంటుంది. మా ఆడపడుచు ఒకసారి తెలుగు పిల్లల పుస్తకాలు తెప్పించమని వెళ్లి అడిగొచ్చిందట, అదేం పెద్ద విషయం కానట్టు ఫోన్‌లో చెప్పింది, నేను మాత్రం ఆ అయిదు నిమిషాల కోసం మేం ఎంతమందిని బతిమాలామో తలుచుకుంటూ విన్నా. అక్కడిలా ఇక్కడ ఎన్నికలు పెట్టమని అడగను, అంత దూరం అక్కర్లేదు. ఎజెండా కాగితం ఒకటి నోటీసు బోర్డుకి అంటించి, మీటింగ్ ఫలానా రోజు అని రాస్తే చాలు, దానికి చట్టం మార్చక్కర్లేదు, గుండుసూదులు నాలుగు చాలు.

సరే, రేటింగ్ దగ్గరికొస్తా. బిల్డింగ్ బాగుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి, నాలుగు. సిబ్బంది తక్కువ, ఉన్నవాళ్లలో కొంతమంది ఔట్‌సోర్సింగ్, జీతాలు నెలనెలా రాకపోయినా లైబ్రరీ తీసి కూర్చుంటున్నారు, వాళ్లకి అయిదు, అందులో మార్పు లేదు. పేపర్లు, పత్రికలు నాలుగు. పిల్లల సెక్షన్ రెండు, చిన్న కుర్చీలు వేశారు కానీ పుస్తకాలు పాతవి, మా పాప పోయిన నెల ఒకటి తెచ్చుకుంది, వెనక చీటీ మీద ఆఖరి ముద్ర 2009ది, దాని కింద మా పాప తేదీ పడింది, ఆ ముద్ర చూసుకుని అది ఎంత మురిసిపోయిందో. కమిటీకి ఎంత ఇవ్వాలి అంటే, మొదటి దానికి ఒకటి, మాస్టారు ఉన్నదానికి నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గించానంటే వాళ్లు చేసిన మంచి పనులు ఒక్కటి కూడా తీర్మానం రూపంలో తర్వాత వాళ్లని కట్టిపడేసేలా రాయించలేదు, రిజిస్టర్‌కి జవాబు రాయాలనేది మాస్టారి పట్టుదల మీద నడిచింది, ఆయన వెళ్లగానే పోయింది. ఆయన్నే ఒకసారి అడిగితే అవునమ్మా, అది నా తప్పే అన్నారు. కమిటీ లేని కాలానికి ఎవరికి రేటింగ్ ఇవ్వాలో కూడా తెలియదు, సున్నా అనుకోండి.

ఇప్పుడు కొత్త పాలకవర్గం వచ్చి రెండు నెలలైంది. ప్రమాణస్వీకారానికి నేను వెళ్లా, జనం బాగా వచ్చారు, శాలువాలు చాలా కప్పారు. అయ్యాక కొత్త చైర్మన్ గారికి, సభ్యులకి ఒక్కొక్కరికీ విడివిడిగా అర్జీ కాపీలు ఇచ్చాం, ఈసారి మూడే అడిగాం. సెస్సు ఎంత రావాలి, ఎంత వచ్చింది అనేది మూడు నెలలకోసారి నోటీసు బోర్డులో పెట్టండి. పాఠకుల రిజిస్టర్‌కి జవాబు రాయడం తీర్మానం చెయ్యండి. ప్రతి సభ్యుడూ నెలకి ఒక్క రోజు ఏదో ఒక లైబ్రరీలో రెండు గంటలు కూర్చోండి, తనిఖీకి కాదు, చదువుకోడానికి. సభ్యుల్లో ఒకాయన, కుర్రాడే, ముప్పై ఉంటాయేమో, మొన్న ఆదివారం వచ్చి పిల్లల సెక్షన్‌లో కూర్చున్నాడు. ఫోన్ చూసుకుంటాడేమో అనుకున్నా, కాదు, వెనక గదిలో ఆ గోనె సంచులు ఎన్ని ఉన్నాయని అడిగి లెక్కపెట్టుకుని వెళ్లాడు. పదిహేడు.

వెళ్లాలనుకునే వాళ్లకి, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తీసి ఉంటుంది, శుక్రవారం సెలవు, ఆదివారం ఉంటుంది. కార్డుకి ఆధార్ కాపీ, ఫొటో, కొద్దిగా డిపాజిట్ చాలు. కౌంటర్ దగ్గర రిజిస్టర్ అడిగి మీకు కావాల్సిన పుస్తకం పేరు రాయండి, పక్కన తేదీ కూడా వెయ్యండి, జవాబు ఎన్నాళ్లకి వచ్చిందో తెలియాలి కదా. ఆరు నెలలయ్యాక ఈ రివ్యూ మళ్లీ తీసి రాస్తా, ఆ పదిహేడు సంచులు ఏమయ్యాయో అందులో చెప్తా. అప్పటిదాకా మొత్తం మీద మూడు స్టార్లు.